భాగం 7: తెర రిజల్యూషన్ – పిక్సెళ్ల లెక్క

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు, ఒక తెరకుగాని ఫొటోకుగాని ఇచ్చిన పిక్సెళ్ల సంఖ్యకు అర్థం చెప్పగలుగుతారు. తెర కొలత తెలిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడతాయో లెక్కించగలుగుతారు. ఎంత దూరం నుంచి చూస్తే ఆ లెక్క సరిపోతుందో అంచనా వేయగలుగుతారు. దరఖాస్తు ఫొటోలు, స్కాన్ చేసిన పుటలు, వీడియో పాఠాలు మొదలైన వాటికి ఎంత రిజల్యూషన్ అవసరమో నిర్ణయించుకోగలుగుతారు.

ఈ భాగంలో చిన్న చిన్న లెక్కలు చాలా ఉన్నాయి. కాగితం, పెన్సిలు, కాలిక్యులేటరు దగ్గర పెట్టుకొని చదవండి. లెక్కలను దాటవేస్తే మిగిలేది ప్రకటనల్లో కనిపించే పేర్లు మాత్రమే.

7.1 పరిచయం

టీవీల దుకాణంలో రెండు 43 అంగుళాల టీవీలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకటి ఫుల్ హెచ్.డి., రెండోది 4కె. రెండోదాని ధర ఎక్కువ. "దీంట్లో క్లారిటీ నాలుగు రెట్లు సార్" అంటాడు అమ్మే అతను. ఆ మాట నిజమేనా? 4కె తెరలో పిక్సెళ్లు నాలుగు రెట్లు ఉన్నమాట నిజం. అయితే స్పష్టత నాలుగు రెట్లు పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు తెర మీద లేదు. మీ ఇంట్లో సోఫా ఎక్కడ ఉంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

పిక్సెళ్ల సంఖ్య ఒక లెక్క మాత్రమే. ఎకరానికి ఎన్ని మొక్కలు నాటారో తెలియకుండా "మొత్తం పదివేల మొక్కలు" అంటే తోట ఒత్తుగా ఉందో పలుచగా ఉందో చెప్పలేం కదా. పిక్సెళ్లూ అంతే. అవి ఎంత చోటులో పరచి ఉన్నాయి, వాటిని ఎంత దూరం నుంచి చూస్తున్నాం అనే రెండు విషయాలు కలిసినప్పుడే స్పష్టత గురించి మాట్లాడగలం.

7.2 పిక్సెల్ అంటే ఏమిటి?

తెర మీద కనిపించే బొమ్మ నిజానికి అడ్డవరుసలుగా, నిలువువరుసలుగా పేర్చిన చిన్న చిన్న గడుల సముదాయం. ఒక్కో గడిలో ఒక్కో సమయంలో ఒకే రంగు ఉంటుంది. ఆ గడినే పిక్సెల్ అంటారు. "బొమ్మలోని మూలకం" అని అర్థం వచ్చే రెండు ఇంగ్లిషు మాటలను కుదించి చేసిన పదమిది. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన ఫ్రెడ్ బిలింగ్స్‌లీ 1965లో తన వ్యాసాల్లో ఈ పదాన్ని వాడారు. అచ్చులో మనకు దొరికే తొలి ప్రయోగం అదే.

పదం కంటే వస్తువు ముందే పుట్టింది. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ బొమ్మ కొలత అడ్డంగా 176, నిలువుగా 176 గడులు. మొత్తం 30,976 పిక్సెళ్లు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, 7.7లో దీనితో మళ్లీ పని పడుతుంది.

రంగుల తెరలో ఒక్కో పిక్సెల్‌లో సాధారణంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చిన్న భాగాలుంటాయి. ఒక్కో భాగానికి 0 నుంచి 255 వరకు 256 వెలుతురు మెట్లు ఉంటాయి. మూడింటినీ కలిపితే 256 × 256 × 256 = 1,67,77,216 రంగులు. ఒక్కో మెట్టును రాసుకోవడానికి ఒక బైటు కావాలి కాబట్టి ఒక పిక్సెల్‌కు మూడు బైట్లు ఖర్చవుతాయి.

చేసి చూడండి: ఫోనులో తెల్లని పుటను తెరిచి, తెర మీద ఆవగింజంత నీటి చుక్క ఒకటి పడనివ్వండి. చుక్క భూతద్దంలా పనిచేసి, తెలుపు అనుకున్న చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం రేణువులు కనిపిస్తాయి. తరువాత మెత్తని గుడ్డతో తుడిచేయండి.

7.3 పేర్లు, సంఖ్యలు

రిజల్యూషన్‌ను "అడ్డం × నిలువు" గా రాస్తారు. 1920 × 1080 అంటే ప్రతి అడ్డవరుసలో 1920 పిక్సెళ్లు, అలాంటి వరుసలు 1080. రెండింటినీ గుణిస్తే మొత్తం పిక్సెళ్లు వస్తాయి.

పట్టిక 7.1
వి.జి.ఎ. – 640 × 480 – 3,07,200
హెచ్.డి. – 1280 × 720 – 9,21,600
పాత, చౌక లాప్‌టాప్‌లు – 1366 × 768 – 10,49,088
ఫుల్ హెచ్.డి. – 1920 × 1080 – 20,73,600
క్వాడ్ హెచ్.డి. – 2560 × 1440 – 36,86,400
4కె – 3840 × 2160 – 82,94,400

మొదటిది ఐ.బి.ఎం. సంస్థ 1987లో తెచ్చిన కొలత. మూడోది చూడటానికి వింతగా ఉంటుంది. అంతకుముందు వాడుకలో ఉన్న 1024 × 768 తెర ఎత్తును అలాగే ఉంచి, వెడల్పును 16:9 నిష్పత్తికి పెంచితే 1365.33 వస్తుంది. మూడో వంతు పిక్సెల్ ఉండదు కనుక 1366 చేశారు.

పేర్లు పెట్టడంలో ఒక పద్ధతంటూ లేదు. 720పి, 1080పి అన్నప్పుడు లెక్కపెట్టేది ఎత్తును, అంటే అడ్డవరుసలను. టీవీ రంగం మొదటి నుంచీ గీతలనే లెక్కపెట్టింది. 4కె అన్నప్పుడు లెక్కపెట్టేది వెడల్పును. ఇది సినిమా రంగం అలవాటు. డిజిటల్ సినిమాలో 4కె అంటే 4096 × 2160. టీవీల్లో అదే పేరును 3840కి అతికించారు. ఇక "2కె" అనేది సినిమావాళ్లకు 2048 × 1080, మానిటర్లు అమ్మేవాళ్లకు మాత్రం చాలాసార్లు 2560 × 1440. కాబట్టి పేరును నమ్మకండి. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే రెండు సంఖ్యలనే చూడండి.

ఇంకొక సంగతి. 1080 నుంచి 2160కి వెళ్లినప్పుడు ఎత్తు రెట్టింపయింది, వెడల్పూ రెట్టింపయింది. అందుకే మొత్తం నాలుగు రెట్లయింది. కానీ ఒక గీత ఎంత సన్నగా కనిపిస్తుందన్నది ఒక దిశలోని లెక్క. ఆ లెక్కలో పెరిగింది రెండు రెట్లే. అమ్మేవాళ్లు నాలుగునే చెబుతారు, అది సహజం.

7.4 అంగుళానికి ఎన్ని?

పిక్సెళ్ల సాంద్రతను అంగుళానికి ఇన్ని అని చెబుతారు. వాడుకలో పి.పి.ఐ. అంటారు. తెర సైజును కర్ణం మీద కొలుస్తారు కాబట్టి, పిక్సెళ్లనూ కర్ణం మీదే లెక్కించాలి. పాఠశాలలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతమే ఇక్కడ పనికొస్తుంది: అడ్డం వర్గం, నిలువు వర్గం కూడి, వర్గమూలం కట్టి, కర్ణం అంగుళాలతో భాగించాలి.

ఫుల్ హెచ్.డి. తెరకు: 1920 వర్గం 36,86,400. 1080 వర్గం 11,66,400. మొత్తం 48,52,800. దీని వర్గమూలం సుమారు 2203. ఇప్పుడు ఈ 2203ను వేర్వేరు సైజులతో భాగించి చూడండి. 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో 141, 24 అంగుళాల మానిటరులో 92, 43 అంగుళాల టీవీలో 51. పెట్టె మీద మూడింటికీ రాసి ఉండేది "ఫుల్ హెచ్.డి." అనే. అన్నింటిలోనూ పిక్సెళ్లు అవే 20,73,600. సాంద్రత మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు.

43 అంగుళాల 4కె టీవీకి ఇదే లెక్క చేస్తే 102 వస్తుంది. 6.5 అంగుళాల ఫోనులో 1600 × 720 తెర ఉంటే 270, 2400 × 1080 తెర ఉంటే 405.

"రిజల్యూషన్" అనే మాటను మొత్తం పిక్సెళ్లకూ, ఈ సాంద్రతకూ రెండింటికీ వాడటం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. ఎవరైనా రిజల్యూషన్ ఎక్కువ అంటే, మొత్తమా, అంగుళానికా అని అడగడం అలవాటు చేసుకోండి.

7.5 కన్ను, దూరం

నెదర్లాండ్స్‌కు చెందిన నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో కంటి పరీక్ష చార్టును రూపొందించారు. నేటికీ కళ్లద్దాల దుకాణాల్లో గోడకు వేలాడేది ఆ పద్ధతి చార్టే. చూపు 6/6 అంటే, డిగ్రీలో 60వ వంతు కోణంలో ఉన్న వివరాన్ని కన్ను విడిగా గుర్తించగలదని అర్థం. అంతకంటే చిన్న కోణంలో రెండు చుక్కలుంటే అవి కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి.

దీన్ని బట్టి ఒక సులువైన సూత్రం చెప్పుకోవచ్చు. రెండు పిక్సెళ్ల మధ్య దూరానికి సుమారు 3438 రెట్ల దూరం నుంచి చూస్తే వాటి మధ్య కోణం సరిగ్గా డిగ్రీలో 60వ వంతు అవుతుంది. అందువల్ల:

3438 ÷ పి.పి.ఐ. = పిక్సెళ్లు కలిసిపోయే దూరం (అంగుళాల్లో)

ఇప్పుడు దుకాణంలోని రెండు టీవీల దగ్గరికి వద్దాం. 43 అంగుళాల ఫుల్ హెచ్.డి. టీవీకి 3438 ÷ 51 = 67 అంగుళాలు, అంటే ఐదున్నర అడుగులు దాటితే చాలు. 4కె టీవీకి 3438 ÷ 102 = 34 అంగుళాలు, అంటే మూడడుగుల లోపు. మీరు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే ఫుల్ హెచ్.డి. పిక్సెళ్లే మీ కంటికి విడిగా కనిపించవు. వాటిని ఇంకా చిన్నవి చేసినందువల్ల కంటికి అందే లాభం చాలా స్వల్పం. దుకాణంలో తేడా కొట్టొచ్చినట్టు ఎందుకు కనిపించింది? అక్కడ మీరు టీవీకి రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

ఈ సూత్రాన్ని గీత గీసినట్టు తీసుకోకూడదు. కొందరి చూపు 6/6 కంటే చురుకైనది. 4కె టీవీల్లో రంగులు, వెలుతురు కూడా మెరుగ్గా ఉండవచ్చు, దాన్నే మనం స్పష్టత అనుకోవచ్చు. అయినా డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఈ లెక్క చాలు. చదువుకొనే బల్ల మీది మానిటరుకు మనం రెండడుగుల దూరంలో కూర్చుంటాం. 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. మానిటరులో పిక్సెళ్లు కలిసిపోవాలంటే 37 అంగుళాలు కావాలి. అంటే ఎక్కువ పిక్సెళ్లకు ఖర్చు పెట్టదలిస్తే, గంటల తరబడి అక్షరాలు చదివే మానిటరుకు పెట్టడం టీవీకి పెట్టడం కంటే మేలు.

ఫోన్ల విషయంలో 2010లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 4ను విడుదల చేస్తూ, 3.5 అంగుళాల తెరలో 960 × 640 పిక్సెళ్లతో 326 పి.పి.ఐ. ఇచ్చింది. చేతిలో పట్టుకొనే దూరంలో సుమారు 300 దాటితే చాలునన్నది అప్పటి వాదన. మన సూత్రంలో 12 అంగుళాలు పెడితే 286 వస్తుంది, కాబట్టి ఆ వాదన సబబే. 270 పి.పి.ఐ. ఫోనుకు అవసరమైన దూరం 12.7 అంగుళాలు. చౌక ఫోను తెర కూడా చదువుకు పనికొస్తుందన్నమాట.

మరో కొసన ఎల్.ఇ.డి. బోర్డులున్నాయి. దుకాణాల ముందు, బస్సుల నెత్తిన అక్షరాలు పరుగెత్తే బోర్డుల్లో ఎక్కువగా వాడే పి10 రకంలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 10 మిల్లీమీటర్లు. ఆ 10లోని అర్థం అదే. 10 × 3438 = సుమారు 34 మీటర్లు. అంతకంటే దగ్గరికొస్తే చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అయినా ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే ఆ బోర్డు పని దూరం నుంచి పిలవడం.

7.6 తెలుగు అక్షరానికి ఎన్ని గడులు?

పి10 పలకలో అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కలుంటాయి. ఇంగ్లిషు పెద్దబడి అక్షరాన్ని అడ్డంగా 5, నిలువుగా 7 చుక్కల్లో రాయవచ్చు, అది పాతకాలం నుంచీ ఉన్న కొలత. 16 వరుసల్లో రెండు లైన్ల ఇంగ్లిషు పడుతుంది. అదే పలక మీద "రాజమండ్రి" అని రాయండి. "డ్రి"లో డ, దాని మీద గుడి, కింద రవత్తు. పైన కొన్ని వరుసలు గుడికి, కింద కొన్ని వత్తుకు పోగా అసలు అక్షరానికి మిగిలేది సగం. "స్త్రీ" అని రాయవలసి వస్తే కింద రెండు వత్తులు చేరతాయి. అందువల్ల, 16 వరుసల్లో తెలుగు ఒక్క లైనే, అదీ బొద్దుగా పడుతుంది.

గీసిన పెట్టెలో అక్షరాలు కూర్చుని చూడండి, ఇంకో ఇబ్బంది కనిపిస్తుంది. ద – ధ, డ – ఢ, ప – ఫ జంటల్లో తేడా అడుగున ఉండే ఒక చిన్న గీత. ధ – థ మధ్య తేడా నడుమ ఉండే ఒక చుక్క. అక్షరం ఎత్తు పది, పన్నెండు పిక్సెళ్లే ఉంటే ఆ చుక్కకు దక్కేది ఒక్క పిక్సెల్. అది చెరిగితే "వ్యథ" "వ్యధ" అవుతుంది, చదివేవారికి రాసినవారి తప్పుగా తోస్తుంది. తెలుగుకు ఇంగ్లిషు కంటే ఎక్కువ పిక్సెళ్లు కావాలి. ఇంగ్లిషు పాఠాలకు సరిపోతుందని చెప్పిన కొలతను మన పుస్తకాలకు అలాగే వర్తింపజేయకూడదు.

పుస్తకం పుటను స్కాన్ చేసేటప్పుడు ఈ లెక్క నేరుగా ఉపయోగపడుతుంది. అచ్చులో ఒక పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. 10 పాయింట్ల అక్షరం ఎత్తు 10/72 అంగుళం. అంగుళానికి 300 చొప్పున స్కాన్ చేస్తే దానికి సుమారు 42 వరుసలు దక్కుతాయి. 150 చొప్పున అయితే 21, 100 చొప్పున అయితే 14. పద్నాలుగు వరుసల్లో గుడి, అక్షరం, వత్తు అన్నీ ఇమడాలి. అందుకే 100 దగ్గర స్కాన్ చేసిన తెలుగు పుటల్లో వత్తులు నల్లని మచ్చల్లా కనిపిస్తాయి. తెలుగు అచ్చుకు 300 పెట్టండి. ఫైలు బరువు మరీ ఎక్కువైతే 200కు దిగండి, అంతకంటే వద్దు.

ఫోనుతో ఫొటో తీసినా ఇదే లెక్క. ఎ4 కాగితం పొడవు 11.69 అంగుళాలు. 4000 × 3000 పిక్సెళ్ల, అంటే 12 మెగాపిక్సెళ్ల కెమెరాతో కాగితం ఫ్రేము నిండేలా తీస్తే, 4000 ÷ 11.69 = 342. స్కానరుకు తీసిపోదు. అదే కాగితాన్ని ఫ్రేములో సగం ఎత్తుకే వచ్చేలా దూరం నుంచి తీస్తే 171కి పడిపోతుంది. 48 మెగాపిక్సెళ్ల కెమెరా కొనడం కంటే ఒక అడుగు ముందుకు వేయడం చౌక. ఆ ఫొటోను మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే యాప్ సాధారణంగా దాన్ని కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

7.7 దరఖాస్తు ఫొటో

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో తిరస్కరణకు తరచుగా కారణమయ్యేది ఇక్కడే. బ్యాంకు ఉద్యోగాల ఉమ్మడి పరీక్షల దరఖాస్తుల్లో ఫొటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కె.బి. ఉండాలని అడుగుతారు. ఇందులో రెండు వేర్వేరు షరతులున్నాయి. మొదటిది పిక్సెళ్ల లెక్క: 200 × 230 = 46,000. 1957 నాటి కిర్ష్ బొమ్మకు ఇది ఒకటిన్నర రెట్లు మాత్రమే! రెండోది ఫైలు బరువు. 46,000 పిక్సెళ్లకు మూడేసి బైట్ల చొప్పున 1,38,000 బైట్లు, అంటే సుమారు 135 కె.బి. కావాలి. జె.పి.ఇ.జి. పద్ధతి దాన్ని కుదించి 50 లోపుకు తెస్తుంది. ఎంత కుదించాలన్నది ఫొటో భద్రపరిచేటప్పుడు "క్వాలిటీ" అనే మీట దగ్గర మీరు ఎంచుకుంటారు. ఫైలు 50 దాటితే చాలామంది పిక్సెళ్లను ఇంకా తగ్గించుకుంటూ పోతారు. అలా చేస్తే ముఖం మసకబారుతుంది. పిక్సెళ్లను అడిగినంతకు తెచ్చి, తరువాత క్వాలిటీని తగ్గించుకుంటూ రండి.

కొన్ని దరఖాస్తుల్లో కొలతను సెంటీమీటర్లలో ఇచ్చి పక్కన డి.పి.ఐ. ఇస్తారు. 3.5 × 4.5 సెం.మీ., 300 డి.పి.ఐ. అంటే: 3.5ను 2.54తో భాగించి 300తో గుణిస్తే 413. అలాగే 4.5కు 531. కావలసింది 413 × 531 పిక్సెళ్లు. డి.పి.ఐ. అనేది ఫైలులో రాసి ఉంచే ఒక సూచన మాత్రమే, ముద్రించేటప్పుడు అంగుళానికి ఎన్ని పరచాలో చెబుతుంది. ఉన్న ఫైలులో 72ను కొట్టేసి 300 అని మార్చినందువల్ల ఒక్క కొత్త పిక్సెల్ కూడా పుట్టదు. తెర మీద చూసేవారికి ఆ సంఖ్యతో పనే లేదు.

7.8 వీడియో పాఠం, డేటా

ఫుల్ హెచ్.డి. వీడియోలో ఒక్క ఫ్రేముకు 20,73,600 × 3 = 62,20,800 బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 15 కోట్ల 55 లక్షల బైట్లు. కుదించకుండా పంపితే రోజుకు ఒకటిన్నర జి.బి. డేటా పది సెకన్లలో అయిపోతుంది. గంట పాఠం చూడగలుగుతున్నామంటే అదంతా కుదింపు చలవే. కుదింపు ఎక్కువైతే 1080పి అని రాసి ఉన్నా బొమ్మ పెచ్చులు పెచ్చులుగా కనిపిస్తుంది.

డేటా తక్కువగా ఉన్నప్పుడు ఎంతకు దిగవచ్చు? బోర్డు మీద ఎన్ని లైన్లున్నాయో చూడండి. 144పిలో పది లైన్ల స్లైడు ఉంటే లైనుకు 14 వరుసలే. అందులో లైన్ల మధ్య ఖాళీ పోవాలి. వత్తులు చదవలేం. 360పిలో లైనుకు 36, ఫర్వాలేదు. ఇరవై లైన్ల స్లైడయితే 360పిలో 18కి పడిపోతుంది, 480పి లేదా 720పి అవసరం. అధ్యాపకుడు కూర్చుని మాట్లాడుతున్న పాఠానికి 144పి చాలు, వినడమే కదా.

7.9 తెర సొంత రిజల్యూషన్

ఎల్.సి.డి. తెరలో పిక్సెళ్లు ఫ్యాక్టరీలోనే స్థిరంగా అమరి ఉంటాయి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని 1920 × 1080 మానిటరును సెట్టింగుల్లో 1366 × 768కి మారిస్తే, ఒక్కో గడిని దాదాపు 1.4 అసలు పిక్సెళ్లలో చూపించాల్సి వస్తుంది. పాయింటు నాలుగు పిక్సెల్ ఉండదు కాబట్టి అంచులు అలుక్కుపోతాయి. రిజల్యూషన్‌ను తెర సొంత కొలత దగ్గరే ఉంచి, స్కేలింగ్ అనే చోట 125% లేదా 150% పెట్టండి. అక్షరాలు పెద్దవవుతాయి, పదును పోదు. చత్వారం వచ్చిన పెద్దల కంప్యూటర్లకు ఈ సర్దుబాటు తప్పకుండా చేసిపెట్టండి.

చౌక ప్రొజెక్టర్ల ప్రకటనల్లో "4కె సపోర్ట్" అని కనిపిస్తుంది. 4కె వీడియోను లోపలికి తీసుకోగలదని దాని అర్థం. బయటికి చూపించేది దాని సొంత రిజల్యూషనే, అది 1280 × 720గాని, ఇంకా తక్కువగాని కావచ్చు. "నేటివ్" అనే మాట పక్కన ఉన్న సంఖ్యను అడగండి. ఆ మాటే ప్రకటనలో లేకపోతే కొనడం ఆపండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 32 అంగుళాల 1366 × 768 టీవీని ఏడడుగుల దూరం నుంచి చూస్తున్నారు. దాని స్థానంలో అదే సైజు ఫుల్ హెచ్.డి. టీవీ కొంటే తేడా తెలుస్తుందా?

2. మీ మిత్రుడు పంపిన ఎ4 పుట ఫొటో 1600 × 1200 పిక్సెళ్లుంది. కాగితం ఫ్రేము పొడవంతా నిండింది. 10 పాయింట్ల తెలుగు అచ్చుకు అది సరిపోతుందా?

జవాబులు: 1. కర్ణం మీద 1567 పిక్సెళ్లు. 32తో భాగిస్తే 49. 3438 ÷ 49 = 70 అంగుళాలు, అంటే ఆరడుగుల లోపు. ఏడడుగుల దగ్గర పిక్సెళ్లు అప్పటికే కలిసిపోయాయి కనుక తేడా దాదాపు తెలియదు. 2. 1600 ÷ 11.69 = 137. అక్షరానికి సుమారు 19 వరుసలు. పెద్దగా రాసిన చేతిరాతకు సరిపోతుంది. అచ్చు పుటకు చాలదు, దాన్ని డాక్యుమెంటుగా మళ్లీ పంపమనండి.